కడవమ్మకి ముఖం పెట్టిన ఏడాది

అనకాపల్లి బెల్లం మార్కెట్ దాటి నడుస్తూ పోతే, కొత్త బెల్లం వాసన పలచబడే చోట నాలుగు రోడ్లు కలుస్తాయి. దాన్ని కడవమ్మ జంక్షన్ అంటారు. మధ్యలో ఎనిమిది రేకుల తామరపువ్వులా కట్టిన నీళ్ళతొట్టి. తొట్టి నడుమ నిలువెత్తు దిమ్మ. దిమ్మ మీద ఎడమ చంకన కడవ ఎత్తుకుని నిలబడ్డ ఆడమనిషి, సిమెంటు బొమ్మ. కడవ మూతిలోంచి నీళ్ళు ధారకట్టి తొట్టిలో పడాలని చేశారు. కుమారి ఆ ఊరికి కోడలిగా వచ్చేనాటికి కడవలో నీళ్ళూ లేవు, బొమ్మకి ముఖమూ లేదు. నుదురు నుంచి గడ్డం దాకా సుత్తి దెబ్బలతో బోసిపోయి ఉండేది. ఎలక్షన్లొస్తే ఆ కడవకే జెండాలు కట్టేవారు. ఎండిన తొట్టిలో కొబ్బరిబోండాలు అమ్మే ముసలాయన గెలలు దాచుకునేవాడు. హుద్‌హుద్ తుపాను నాడు చుట్టూ ఉన్న ఇనప కంచె లేచిపోయింది గానీ కడవమ్మ అంగుళం కదల్లేదు.

కుమారి మొగుడు త్రినాథ్‌కి ఆ జంక్షన్‌లోనే మోటారు వైండింగ్ షాపు. ఆ ఫౌంటెన్ కట్టించింది అతని తాత ఎర్రయ్యే. బెల్లం వ్యాపారంలో బాగా గడించిన రోజుల్లో కట్టించాడట.

కుమారిది తుమ్మపాల. ముప్పై ఒకటో ఏట రెండో పెళ్ళివాడికి ఇచ్చారు. త్రినాథ్ మొదటి భార్య నూకరత్నం విషజ్వరంతో వారం రోజుల్లో పోయింది. ఆవిడ కూతురు హాసినికి ఇప్పుడు ఆరేళ్ళు. కుమారిని పిన్నీ అని పిలుస్తుంది. ఒక రాత్రి ఒళ్ళు కాలిపోతుంటే నిద్రలో కుమారి వేలు పట్టుకుని “అమ్మా” అంది. ఆ ఒక్క పిలుపు పట్టుకుని కుమారి ఆరు నెలలు బతికింది. మెలకువగా ఉన్నప్పుడు ఒక్కసారి పిలిస్తే చాలు, నూకాలమ్మ తల్లికి చీర పెడతానని మొక్కుకుంది.

పిల్ల పిలవలేదు. ఇల్లంతా రత్నమే. పోపుడబ్బాల మీద అంటించిన కాగితాలు రత్నం రాతే. పులుసు కలుపుకుంటూ త్రినాథ్ “రత్నమైతే ఇందులో రవ్వంత బెల్లం వేసేది” అనేవాడు, ఏమీ అననట్టే. హాల్లో దండ వేసిన ఫొటోలో రత్నం నవ్వుతూ ఉండేది, పై పెదవి కాస్త ఎడమకి లాగి. కుమారి ఆ ఫొటో తుడిచేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకునేది.

అన్నిటికంటే గుచ్చుకునేది చీరల సంగతి. ముత్తయిదువగా పోయినావిడని పేరంటాలంటారు. ఆ ఇంట్లో రెండో భార్యగా వచ్చినావిడ, కొత్త చీర ఏదైనా ముందు పేరంటాలికి పెట్టాలి. పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక రాత్రి ఆవిడ దగ్గర ఉంచి, తెల్లారాక తీసి తను కట్టుకోవాలి.

“ముందు ఆవిడ, తరవాత నువ్వు,” అని చెప్పింది దేముడత్త, త్రినాథ్ మేనత్త. ఇంట్లో దీపం పెట్టేది, తిథులు గుర్తుపెట్టుకునేది ఆవిడే. “పోయినావిడ కట్టి విడిసింది బతికున్నావిడ కడతాది. అదీ వరస. ఆ వరస తప్పకూడదే.”

కుమారి పెళ్ళిచీర కూడా ముందు రత్నం ఫొటో కింద ఒక రాత్రి పడుకుంది.

అనకాపల్లి జిల్లా అయ్యాక జంక్షన్లు బాగుచేద్దామన్నారు. కడవమ్మ ఫౌంటెన్‌కి మోటారు నేను పెడతానని త్రినాథ్ ముందుకొచ్చాడు. బొమ్మ చేసే అప్పలరాజు వచ్చి నాలుగు రోజులు పాచి గీకి, షాపు మెట్ల మీద కూచుని టీ తాగుతూ అడిగాడు.

“బావా, మీ తాత పెళ్ళాం ఫొటో ఒకటియ్యి. నేకపోతే హీరోయిన్ ముఖం పెట్టేత్తాను, తరవాత నన్నడక్కు.”

“ఇత్తానులే, నా పెళ్ళిలో కూడా నువ్విలాగే తొందరపడ్డావు,” అని త్రినాథ్ నవ్వాడు.

ఆ కబురు విని దేముడత్తకి అన్నం సయించలేదు. వంటింట్లో కుమారి దొండకాయలు తరుగుతుంటే పక్కన కూలబడింది.

“ముఖం ఎందుకే దానికి? మా అమ్మ వద్దంది. సచ్చిపోయే ముందు కూడా అదే మాట.”

“ఏటత్తా, ఎవరు పగలగొట్టేరు దాన్ని?”

దేముడత్త గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

“మా అమ్మేనే. చిట్టెమ్మ. మా నాన్నకి రెండో పెళ్ళాం. పెద్దావిడ బుల్లమ్మ కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. నాన్న ఆవిడ ముఖం అచ్చుగుద్దినట్టు బొమ్మ చేయించి ఊరి నడిమద్దిన నిలబెట్టేడు. అరవైరెండులో. కొత్తమావాస్య జాతరకి నీళ్ళు వదిలితే ఊరంతా సూడ్డానికొచ్చింది. తరవాత మా అమ్మని చేసుకున్నాడు. మరి చీర పేరంటాలికి ఇంట్లో పెట్టుకోవచ్చు కదా? పెట్టనివ్వలేదు. జంక్షన్‌కి తీసుకెళ్ళి ఆ బొమ్మ భుజాన వెయ్యాలి. తెల్లారి జనం సూత్తుండగా తీసి కట్టుకోవాలి. పదకొండేళ్ళు అలాగే చేసింది. మార్కెట్ కూలీలు నవ్వుకునేవారట, ‘సెట్టిగారి పెళ్ళాం బొమ్మ విడిసిన గుడ్డ కట్టింది’ అని. పన్నెండో ఏడు సుత్తట్టుకెళ్ళి ముఖం కొట్టేసింది. ఆ రోజే నీళ్ళూ ఆగిపోనాయి.”

కుమారి కత్తిపీట పక్కకి జరిపింది. ఆ చిట్టెమ్మని ఎప్పుడూ చూడలేదు గానీ, ఇంట్లో మొదటిసారి తన మనిషి ఒకరున్నట్టు అనిపించింది.

దసరా నాడు ఫౌంటెన్ వదలాలనుకున్నారు. ముఖం పెట్టేక పేరంటాలిని ఒట్టి భుజంతో ఉంచకూడదని, మనసొప్పకపోయినా దేముడత్త బొమ్మకి పెట్టడానికి చిలకాకుపచ్చ చీర కొంది, జరీ అంచుది. కుమారి చేతిలో పెట్టి, “మడత విప్పకే. సాయంత్రం భుజాన వేసి, రేపు తెచ్చి కట్టుకో,” అంది.

ఆ మధ్యాహ్నం త్రినాథ్‌కి అన్నం కేరేజీ పట్టుకెళ్ళింది కుమారి. అప్పలరాజు బొమ్మ ముఖం మీద గోనెపట్టా తీసి తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

పై పెదవి ఎడమకి లాగి నవ్వుతోంది.

బుల్లమ్మ ఫొటో ఒక్కటీ మిగల్లేదు. త్రినాథ్ తన ఫోనులో ఉన్న రత్నం ఫొటో ఇచ్చాడు. పూలమ్మే ఆడవాళ్ళు చేరిపోయారు. “ఓలమ్మ, ఏటి కళే! మన రత్నమే దిగొచ్చినట్టుంది,” అంది ఒకావిడ. ఇంకొకావిడ కుమారిని చూసి మోచేత్తో పొడిచింది. షాపులో తండ్రి దగ్గరున్న హాసిని వచ్చి, తొట్టి రేకు మీదకెక్కి, నోరు తెరిచి చూసి, “అమ్మా,” అంది.

మెలకువలో. పట్టపగలు. సిమెంటు బొమ్మని.

కుమారి కేరేజీ అక్కడే పెట్టి ఇంటికొచ్చింది. గది తలుపేసుకుని, చిలకాకుపచ్చ చీర మడత విప్పి కట్టుకుంది. ఆ చీరలోనే గిన్నెలు తోమింది. ఆ కొంగుతోనే చెమట తుడుచుకుంది. ఆ చీరలోనే నేల మీద పడుకుని ఏడ్చింది. నేను కట్టి విడిచింది నువ్వు కట్టుకో, అనుకుంది. ఒక్కసారైనా నువ్వు నా తరవాత.

సాయంత్రం ఇస్త్రీ చేసి, అదే మడతలో పెట్టి, పసుపు రాసి తీసుకెళ్ళింది. భుజాన వేస్తుంటే మేళాలు మోగాయి. కడవలోంచి నీళ్ళు దూకాయి. జనం చప్పట్లు కొట్టారు. త్రినాథ్ కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది.

తెల్లారి వెళ్ళేసరికి బొమ్మ భుజాన చీర లేదు. దొంగలెత్తుకెళ్ళారన్నారు.

ఆ తరవాత కుమారికి తలంటుకుంటే జుట్టు ఆరేది కాదు. ఎండలో గంట కూచున్నా అడుగున తడి, పాచిపట్టిన తొట్టి వాసన. పాల కొట్టు దగ్గర ముందు తను నిలబడితే, కొట్టతను వెనకావిడకి ఇచ్చి పంపేవాడు. “నేను ముందొచ్చేను,” అంటే, “అయ్యో, చూళ్ళేదమ్మా,” అనేవాడు, నిజంగానే ఉలిక్కిపడి. ఇంట్లో ఏ మాటైనా రెండోసారి చెప్తేగానీ త్రినాథ్‌కి వినపడేది కాదు. తరవాత మూడోసారికి.

హాసిని బడి నుంచి తిన్నగా ఫౌంటెన్ దగ్గరికి పోయేది. రేకు మీద కూచుని కబుర్లు చెప్పేది. కుమారి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, ఈగ వాలినట్టు దులుపుకునేది.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం దేముడత్త దీపం పెట్టి, ఇంట్లో ముత్తయిదువలుగా పోయినవాళ్ళని రోజూలాగే తలచుకుంటోంది. “బుల్లమ్మ తల్లీ, సింహాచలమ్మ తల్లీ… కుమారమ్మ తల్లీ… చల్లగా చూడండి.”

కుమారి చేతిలో అగరొత్తి విరిగింది.

దేముడత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. “నేనలాగన్నానేటి? రత్నం పేరు కదే నోట్లో ఉన్నది…” ఆవిడ కుమారి వైపు చూసింది. చాలాసేపు వెతికి, పట్టుకున్నట్టు చూసింది. “ఏటి చేసేవే నువ్వు?”

కుమారి చెప్పేసింది. చీర ముందు తను కట్టానని చెప్పేసింది.

దేముడత్త గోడకి జారగిలబడింది. “ముందు కట్టేది సచ్చినావిడ. తరవాత కట్టేది బతికున్నావిడ. నీ చేత్తో నువ్వే వరస మార్చేవు. మా అమ్మా అదే చేసిందే. చేసి, భయపడి, ముఖం పగలగొట్టింది. ఆ రోజు ఇంటికొచ్చేక…” ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. “నాకు తొమ్మిదేళ్ళు. వచ్చి నన్ను ఎత్తుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి. తరవాత మా మేనమామలొత్తే, ఎవరో దారినపోయేవాళ్ళకిచ్చినట్టు మంచినీళ్ళిచ్చేది. సొంత అన్నదమ్ములకి.”

“మరి నేనేటి చెయ్యనత్తా?”

“ఏటీ చెయ్యకు. రేపు నూకాలమ్మ గుడికెళ్ళి అమ్మవారి పసుపు తెత్తాను. నేనొచ్చేదాకా ఇల్లు కదలకు. ఆ బొమ్మ జోలికెళ్ళకు.”

మర్నాడు తుపాను. పూడిమడక దగ్గర తీరం దాటుతుందని పొద్దుటి నుంచీ టీవీలో చెప్తున్నారు. బళ్ళకి సెలవిచ్చేశారు. దేముడత్త గుడికని వెళ్ళి వానకి అక్కడే చిక్కుకుపోయింది. షాపులో మోటార్లు ఎత్తు మీద పెట్టాలని త్రినాథ్ హాసినిని కూడా తీసుకుని వెళ్ళాడు. సాయంత్రం ఆరు కాకుండానే చీకటి పడింది. కరెంటు పోయింది.

కుమారి ఫోను చేసింది.

“హలో,” అన్నాడు త్రినాథ్.

“ఏవండీ, పాపని తీసుకొచ్చేయండి. గాలి ఎక్కువైపోతోంది.”

“హలో… హలో… ఎవరూ మాటాడరేటి?” పెట్టేశాడు.

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. గొంతు చించుకుని అరిచినా అదే. ఆమె గొడుగు తీసుకుని బయటపడింది. పది అడుగుల్లో గొడుగు తిరగబడింది.

జంక్షన్‌లో మనిషి లేడు. షట్టర్లన్నీ దించేశారు. ఎక్కడో కప్పు మీద ఇనప రేకు లేచి కొట్టుకుంటోంది, ఢబ్… ఢబ్. తడిసిన బెల్లం గోనెల వాసన, దాని కింద పాచి వాసన. మెరుపు మెరిస్తే హాసిని కనిపించింది. తొట్టి రేకు మీద నిలబడి ఉంది. రెండు చేతులూ పైకి చాపింది, ఎత్తుకోమని.

“హాసినీ! రా నాన్నా!”

పిల్ల తిరగలేదు.

“హాసినీ!”

పిల్ల తిరిగింది. కుమారి ముఖంలోంచి వెనకనున్న వాననే చూసింది. మళ్ళీ బొమ్మ వైపు తిరిగి, “అమ్మా, దిగూ,” అంది.

త్రినాథ్ షాపులోంచి పరుగెత్తుకొచ్చి, పిల్లని చంకనేసుకుని, కోటు కప్పి, బండెక్కించాడు. కుమారికి మూరెడు దూరంలోంచే వెళ్ళాడు. “ఏవండీ!” అని అతని చొక్కా పట్టుకుంది. పట్టుకున్న వేళ్ళలో గుడ్డ తెలియలేదు. బండి ఎర్రలైటు మలుపు తిరిగిపోయింది.

షట్టర్ సగమే దించి వదిలేశాడు. లోపల చెయ్యి పెడితే సుత్తి తగిలింది.

తొట్టిలో మోకాలి లోతు నీళ్ళు. మంచులా ఉన్నాయి. దిమ్మ పట్టుకుని ఎక్కింది. కాలు జారింది. మళ్ళీ ఎక్కింది. బొమ్మ మెడ చుట్టూ ఎడమ చెయ్యి వేసి పట్టుకుంటే…

వెచ్చగా ఉంది.

కుమారి ఊపిరి బిగబట్టింది. చెవి పక్కనే ఇంకో ఊపిరి. వాన చప్పుడు అంతలా ఉన్నా, ఆ ఊపిరి విడిగా వినపడుతోంది.

“ఒక్కసారి…” అంది ఆ ఊపిరి గుసగుసగా. “ఒక్కసారి ఎత్తుకోనీ…”

కుమారికి పారిపోవాలనిపించింది. కానీ ఆ మాటే ఆమెని నిలబెట్టేసింది. ఎత్తుకోవాలట. జ్వరమొస్తే రాత్రంతా కూచున్నది తను. జడలు వేసింది తను. ఎత్తుకునేది ఆవిడట.

“నాది,” అంది కుమారి. “నా కూతురు.”

కొట్టింది.

ముక్కు విరిగింది. మళ్ళీ కొట్టింది. నవ్వే పెదవి విరిగింది. కొడుతూనే ఉంది… చెయ్యి ఆగలేదు… పెచ్చులు నీళ్ళలో పడుతున్నాయి… ప్రతి దెబ్బకీ తన ముఖమే మొద్దుబారుతోంది… నుదురు… చెంప… ఇక పెదవులున్నాయో లేవో తెలియలేదు. అరవబోతే నోరు లేదు.

కరెంటు లేకుండానే కడవలోంచి నీళ్ళు దూకాయి.

కాసేపటికి దిమ్మ మీంచి ఒక ఆడమనిషి దిగింది. తడిసిన చిలకాకుపచ్చ చీర కాళ్ళకి చుట్టుకుంటుంటే కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది. జరీ అంచు పాదాలకి గీరుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు. దీపాలు లేకపోయినా ఏ మలుపు ఎక్కడో ఆమెకి తెలుసు. గుండె తేలిగ్గా ఉంది. ఎందుకు వచ్చిందో సరిగ్గా గుర్తులేదు. ఏదో పీడ వదిలిందని మాత్రం తెలుసు. ఇంట్లో తన బిడ్డ ఉంది.

తలుపు కొట్టింది.

త్రినాథ్ కొవ్వొత్తి పట్టుకుని తీశాడు. చూశాడు. కొవ్వొత్తి ఒరిగి, మైనం అతని వేళ్ళ మీద పడింది. అతను కదల్లేదు.

“తడిసిపోయేవు,” అన్నాడు చివరికి.

“అమ్మా!”

హాసిని పరుగెత్తుకొచ్చి కాళ్ళని చుట్టేసింది. ఆమె వంగి పిల్లని ఎత్తుకుంది. ఎంత బరువైందో! ఎన్నాళ్ళయిందో! మెడలో ముఖం దాచుకుని పిల్ల “అమ్మా, అమ్మా” అంటూనే ఉంది. ఆ పిలుపు ఒంట్లోకి వేడిపాలలా దిగింది. ఇంతకంటే ఆమెకి ఏ లోకంలోనూ ఏమీ అక్కర్లేదు.

“చేతులు చల్లగున్నాయే,” అంది పిల్ల నవ్వుతూ.

“వాన కదమ్మా.”

ఆమె తల తుడుచుకుని, అన్నం కలిపింది. పులుసులో రవ్వంత బెల్లం వేసింది. హాసిని నోట్లో ముద్ద పెట్టింది. త్రినాథ్ ఎదురుగా కూచుని, కంచం ముట్టకుండా ఆమెనే చూస్తున్నాడు, కన్నార్పితే పోతుందేమో అన్నట్టు.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది. కొట్టినట్టు కాదు. తడిచేత్తో రాసినట్టు.

“హాసినీ…”

పిల్ల నమలడం ఆపింది.

“హాసినీ… పిన్నినమ్మా… తలుపు తియ్యి…”

నోటినిండా ఇసక పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ గొంతు. ఆమెకి చప్పున కోపమొచ్చింది. తన బిడ్డని పేరు పెట్టి పిలవడానికి ఎవరది? అంత చనువేటి? పిల్లని దగ్గరికి లాక్కుంది.

“ఏవండీ…” అంది బయట గొంతు. “నేనండీ… కుమారిని… చలేస్తోందండీ…”

ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఆమె త్రినాథ్ వైపు తిరిగింది.

“కుమారెవరండీ?”

త్రినాథ్ ఆమె ముఖంలోకి చూశాడు. తలుపు వైపు చూశాడు. బయట ఆ చెయ్యి తలుపుని రాస్తూనే ఉంది.

అతను లేచాడు. చప్పుడు కాకుండా నడిచి వెళ్ళి, పైగడియ కూడా పెట్టాడు.